ఫ్రీమేసన్లు ఎవరు? తాపీ పనిముట్ల నుంచి పుట్టిన ఒక సోదర సంఘం కథ



హైదరాబాద్, చెన్నై వంటి నగరాలకు చదువుకోసమో ఉద్యోగంకోసమో వెళ్ళినప్పుడు, ఒక పాత భవనం గోడమీద మూలమట్టం, దానిమీద కంపాసు కలిపి వేసిన గుర్తు మీలో కొందరు చూసే ఉంటారు. మధ్యలో ఇంగ్లీషు "జి" అక్షరం ఉంటుంది. అది ఫ్రీమేసన్ల గుర్తు. ఈ సంఘం గురించి సినిమాల్లోను, సెల్‌ఫోను వీడియోల్లోను చిత్ర విచిత్రమైన కథలు చెబుతున్నారు. లోకాన్ని తెర వెనుక నుంచి నడిపించేది వీళ్ళే అని ఒకరు, దెయ్యాన్ని కొలుస్తారని ఒకరు అంటారు. నిజం ఎంత? ఈ సంఘం ఎలా పుట్టింది? మన దేశానికి ఎలా వచ్చింది? మనవంటి వారిని లోపలికి రానిచ్చిందా? ఈ వ్యాసంలో క్రమంగా తెలుసుకుందాం.

పేరు ఎలా వచ్చింది?

మేసన్ అనగా తాపీ మేస్త్రి. మధ్యయుగాల్లో ఇంగ్లండు, స్కాట్లండుల్లో పెద్ద పెద్ద చర్చిలు, కోటలు కట్టేటప్పుడు రాతి పనివారు ఏళ్ళ తరబడి ఒకేచోట ఉండవలసి వచ్చేది. పని స్థలం పక్కనే ఒక పాక వేసుకుని అందులో రాళ్ళు చెక్కేవారు, భోజనం చేసేవారు, విశ్రాంతి తీసుకునేవారు. ఆ పాకనే లాడ్జి అన్నారు. లాడ్జి అంటే మనకు బస్టాండు దగ్గర గదులు అద్దెకిచ్చే చోటు గుర్తుకొస్తుంది. ఫ్రీమేసన్లకు మాత్రం ఆ పదం సంఘానికీ, సంఘం సమావేశమయ్యే చోటుకూ పేరైంది.

మన గన్నవరం పాత అక్విడెక్టును చూసినవారికి రాతి పని ఎంత నేర్పుతో కూడినదో వేరే చెప్పనక్కరలేదు. ఒక్క రాయి మట్టం తప్పితే కమాను నిలవదు. అందుచేత ఆ పని తెలిసినవాడికి, తెలియనివాడికి తేడా కనిపెట్టడం అవసరమైంది. ఆ రోజుల్లో పనివారిలో చాలామందికి చదువు రాదు, చేతిలో సర్టిఫికెట్టు ఉండదు. కొత్త ఊరికి వెళ్ళిన మేస్త్రి తాను పని నేర్చినవాడినని ఎలా రుజువు చేసుకోవాలి? దానికి స్కాట్లండు మేస్త్రీలు ఒక రహస్యపు మాట పెట్టుకున్నారు. ఆ మాట తెలిసినవాడు తమవాడు. ఫ్రీమేసన్ల రహస్య సంకేతాల మూలం ఇదే.

క్రమంగా తాపీ పనితో సంబంధం లేని పెద్దమనుషులు కూడా ఈ లాడ్జిల్లో చేరసాగారు. ఎలియాస్ ఆష్మోల్ అనే ఇంగ్లీషు పండితుడు 1646లో చేరినట్లు తన డైరీలో రాసుకున్నాడు. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జిలు కలిసి గ్రాండ్ లాడ్జిగా ఏర్పడ్డాయని సంప్రదాయంగా చెబుతారు. ఇటీవల కొందరు చరిత్రకారులు అది 1721లో జరిగిందని వాదిస్తున్నారు. 1723లో జేమ్స్ ఆండర్సన్ రాసిన నియమావళి అచ్చయింది. నాటినుంచి ఇది రాళ్ళు చెక్కే సంఘం కాకుండా, మనిషి తన నడవడిని చెక్కుకోవాలని బోధించే సంఘంగా మారింది.

పనిముట్లు, వాటి అర్థాలు

మన పేటల్లో తాపీ పని చేసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నాన్న సంచిలో ఉండే పనిముట్లే ఫ్రీమేసన్లకు పాఠ్యపుస్తకం.

1. మూలమట్టం: గోడ మూల సరిగ్గా ఉందో లేదో చూస్తుంది. నడవడి నిక్కచ్చిగా ఉండాలని దీని అర్థం. లాడ్జి అధ్యక్షుడైన మాస్టర్ మెడలో ఈ గుర్తు ఉంటుంది.

2. మట్టం: ఎగుడుదిగుడులు లేకుండా చూస్తుంది. మనుషులందరూ సమానమని దీని అర్థం. సీనియర్ వార్డెన్ దీన్ని ధరిస్తాడు.

3. తూకం గుండు: గోడ నిలువుగా లేచిందో లేదో చెబుతుంది. నిజాయితీకి గుర్తు. ఇది జూనియర్ వార్డెన్‌ది.

4. కంపాసు: గీసిన గీత దాటకుండా కోరికలను అదుపులో పెట్టుకోమని చెబుతుంది.

5. తాపీ: ఇటుకలను సున్నం కలిపినట్టు మనుషులను ప్రేమతో కలపమంటుంది.

సభ్యులు నడుముకు తెల్లని ఏప్రాన్ కట్టుకుంటారు. అది రాతి పనివాడు బట్టలు పాడవకుండా కట్టుకున్న తోలు గుడ్డకు గుర్తు. లాడ్జి నేలమీద నలుపు తెలుపు గళ్ళు ఉంటాయి. కష్టసుఖాలు, మంచిచెడులు జీవితంలో కలిసే ఉంటాయని దాని భావం.

లాడ్జిలో ఏం జరుగుతుంది?

సభ్యత్వానికి మూడు మెట్లు ఉన్నాయి. ఎంటర్డ్ అప్రెంటిస్, ఫెలో క్రాఫ్ట్, మాస్టర్ మేసన్. అనగా పని నేర్చుకునేవాడు, పని వచ్చినవాడు, మేస్త్రి. ఒక్కొక్క మెట్టుకు ఒక నాటకం వంటి తంతు ఉంటుంది. అందులో నీతులు బోధిస్తారు, ప్రమాణం చేయిస్తారు.

చేరాలంటే దేవుడొకడున్నాడని నమ్మాలి. ఏ మతమైనా ఫరవాలేదు. మన దేశపు లాడ్జిల్లో భగవద్గీత, ఖురాను, బైబిలు, గురు గ్రంథ్ సాహెబ్, పార్సీల అవెస్తా పక్కపక్కనే పెడతారు. ఎవరి గ్రంథం మీద వారు ప్రమాణం చేస్తారు. లాడ్జిలో మత వాదాలు, రాజకీయాలు మాట్లాడరాదు. కొత్తవారిని చేర్చుకునేటప్పుడు సభ్యులు తెల్ల గోలీ, నల్ల గోలీలతో రహస్య ఓటు వేస్తారు. కొన్నిచోట్ల ఒక్క నల్ల గోలీ పడినా దరఖాస్తు తిరస్కరించినట్లే.

ప్రధాన శాఖల్లో నేటికీ పురుషులకే ప్రవేశం. ఇది సరికాదని ఫ్రాన్సులో మరియా డెరేమ్, జార్జ్ మార్టిన్ కలిసి 1893లో స్త్రీ పురుషులు ఇద్దరూ ఉండే శాఖను ప్రారంభించారు. మనకు హోంరూలు ఉద్యమంద్వారా తెలిసిన అనిబిసెంటు 1902లో ఆ శాఖలోనే చేరింది.

మన దేశానికి, మన తెలుగు నేలకు ఎలా వచ్చింది?

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులతోను, పటాలాలతోను ఇది మన దేశంలో అడుగుపెట్టింది. 1730 ప్రాంతంలో కలకత్తాలోను, 1752లో మద్రాసులోను లాడ్జిలు వెలిశాయి. మొదట అంతా దొరలే. ఆర్కాటు నవాబు పెద్దకొడుకు ఉమ్దతుల్ ఉమరా 1775-76 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో చేరాడు. భారతీయుల్లో తొలి ఫ్రీమేసన్‌గా ఆయన పేరే చెబుతారు.

తెలుగు నేలమీద సికింద్రాబాద్ కంటోన్మెంటులో 19వ శతాబ్దంలో లాడ్జిలు నడిచాయి. హైదరాబాద్‌లో అందరికంటే ప్రసిద్ధమైనది గోషామహల్ బారాదరి. ఈ కట్టడం గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా కాలం నాటిది. మన భద్రాచల రామదాసు కథలో వచ్చే తానాషా ఈయనే. 1872 నుంచి ఆ భవనం ఫ్రీమేసన్ల వాడుకలోకి వచ్చింది. రాత్రిపూట తలుపులు వేసుకుని ఏదో చేస్తున్నారని జనం అనుమానించడం సహజమే గదా! ఉత్తరాదిన లాడ్జిలను జాదూఘర్, అంటే మాయల ఇల్లు అని పిలిచేవారు.

స్వామి వివేకానంద సన్యాసం తీసుకోకముందు, నరేంద్రనాథ్ దత్తుగా ఉన్న రోజుల్లో, 1884 ఫిబ్రవరి 19న కలకత్తాలోని యాంకర్ అండ్ హోప్ లాడ్జిలో చేరారు. మోతీలాల్ నెహ్రూ కూడా సభ్యుడే. స్వాతంత్ర్యం వచ్చాక 1961 నవంబరు 24న ఢిల్లీలో గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడింది. మొదటి గ్రాండ్ మాస్టర్ రాంపూరు నవాబు రజా అలీఖాన్. సంఘం తరఫున ధర్మకార్యాలు కూడా జరుగుతుంటాయి. కోయంబత్తూరులోని మేసానిక్ పిల్లల ఆసుపత్రి అందుకు ఒక ఉదాహరణ.

మట్టం నిజంగా సమంగా ఉందా?

మిత్రులారా, మనం శ్రద్ధగా ఆలోచించవలసిన భాగం ఇది. మనుషులంతా సమానమని మెడలో మట్టం గుర్తు వేసుకున్న సంఘం, ఆచరణలో ఎవరిని లోపలికి రానిచ్చింది?

కలకత్తా వర్తకుడు ప్రసన్నకుమార్ దత్తు 1863లో దరఖాస్తు పెట్టుకున్నాడు. హిందువులకు అనేక దేవుళ్ళు, కనుక వీరు అర్హులు కారని అక్కడి దొరలు అడ్డుపడ్డారు. వివాదం లండన్ దాకా వెళ్ళింది. చివరకు 1872లో ఆయనకు ప్రవేశం దొరికింది. ఒక చదువుకున్న, డబ్బున్న మనిషికే తొమ్మిదేళ్ళు పట్టింది.

సరే, లోపలికి వచ్చినవారు కలిసి ఉన్నారా? ఆంగ్ల కవి రడ్‌యార్డ్ కిప్లింగ్ 1886లో లాహోరు లాడ్జిలో చేరాడు. అక్కడ హిందువు, ముస్లిము, సిక్కు, పార్సీ, క్రైస్తవుడు, యూదుడు అన్నదమ్ముల్లా కూర్చున్నామని తర్వాత ఒక గేయంలో చెప్పుకున్నాడు. అదే గేయంలో, ఎవరి కులం చెడుతుందోనని విందులు మాత్రం పెట్టుకోలేదని కూడా ఒప్పుకున్నాడు. చూశారా! తంతులో ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు గాని, ఒకే వరుసలో కూర్చుని అన్నం తినలేకపోయారు. మన హాస్టలు భోజనాల వరుస ఎంత గొప్పదో ఇక్కడ అర్థమవుతుంది. ఏ పేట పిల్లవాడైనా, ఏ లంక పిల్లవాడైనా ఒకే గంటకు, ఒకే గరిటెతో వడ్డించుకుని, పక్కపక్కన కూర్చుని తింటాడు. ఏ ప్రమాణమూ రహస్యమూ లేకుండా మట్టం అక్కడ నిలబడింది.

అమెరికా సంగతి ఇంకా విచిత్రం. తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఫ్రీమేసన్. 1793 సెప్టెంబరు 18న ఆ దేశపు పార్లమెంటు భవనానికి ఏప్రాన్ కట్టుకుని శంకుస్థాపన చేశాడు. ఆయన పొలాల్లో మాత్రం నల్లజాతి బానిసలు పనిచేసేవారు.

అదే కాలంలో బోస్టన్ నగరంలో ప్రిన్స్ హాల్ అనే నల్లజాతి తోలు పనివాడు ఉన్నాడు. తెల్లవారి లాడ్జిలు అతణ్ణి రానివ్వలేదు. అతను మరో 14 మందితో కలిసి, బ్రిటిషు పటాలంలో ఉన్న ఒక ఐర్లండు లాడ్జిద్వారా 1770ల్లో ఫ్రీమేసన్ అయ్యాడు. తర్వాత లండన్‌కు నేరుగా రాసి, 1784లో తమ సొంత లాడ్జికి అనుమతి పత్రం సంపాదించాడు. బానిసత్వం రద్దు చేయాలని 1777లో, నల్ల పిల్లలకు బడి పెట్టాలని 1787లో ప్రభుత్వానికి అర్జీలు పెట్టాడు. ప్రభుత్వం వినకపోతే తర్వాత తన ఇంట్లోనే బడికి చోటిచ్చాడు.

ఆయన పేరుమీద నల్లజాతివారి లాడ్జిలు అమెరికా అంతటా పెరిగాయి. నల్ల పిల్లలకు తెల్ల పిల్లలతో కలిసి చదివే హక్కు తెచ్చిన 1954 నాటి తీర్పులో వాదించిన న్యాయవాది, 1967లో సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయిన థర్గుడ్ మార్షల్ ఆ లాడ్జిల సభ్యుడే. తెల్లవారి గ్రాండ్ లాడ్జిలు వీరిని గుర్తించడం 1989లో కనెక్టికట్ రాష్ట్రంతో మొదలైంది. అలబామా రాష్ట్రంలో 2017 దాకా ఆగవలసి వచ్చింది.

మన భాగ్యరెడ్డి వర్మను ఇక్కడ తలచుకోవాలి. ఆయన 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలిని స్థాపించారు. ఆయన అధ్యక్షతన 1917లో బెజవాడలో జరిగిన సభ మనవారికి ఆది ఆంధ్రులు అనే పేరును నిలబెట్టింది. ఆయనకు ఫ్రీమేసన్లతో సంబంధం లేదు. అయితే ప్రిన్స్ హాల్ నడిచిన దారి, వర్మగారు నడిచిన దారి ఒకటే. తలుపు తీయనివారి గుమ్మంలోనే కూర్చోకుండా, తమవారికోసం సంఘం కట్టారు, బడి పెట్టారు.

పుకార్లు, నిజాలు

దెయ్యాన్ని కొలుస్తారనే కథకు ముఖ్య కారకుడు ఫ్రాన్సుకు చెందిన లియో టాక్సిల్. 1885 తర్వాత ఫ్రీమేసన్లమీద భయంకరమైన కథలు రాసి బాగా అమ్ముకున్నాడు. 1897 ఏప్రిల్ 19న పారిస్‌లో సభ పెట్టి, అదంతా తన కల్పనేనని తానే ప్రకటించాడు. అయినా ఆ కథలు నేటికీ తిరుగుతున్నాయి.

ఇల్యూమినాటీ వేరు. అది 1776లో బవేరియాలో ఆడమ్ వైస్‌హాప్ట్ పెట్టిన వేరే సంఘం. 1780ల్లోనే అక్కడి ప్రభుత్వం నిషేధించగా అంతరించింది.

విమర్శలు లేవని కాదు. కేథలిక్ చర్చి 1738లోనే తన సభ్యులు ఇందులో చేరరాదని ఆజ్ఞాపించింది. 2023 నవంబరులో వాటికన్ ఆ మాటే మళ్ళీ చెప్పింది. హిట్లర్ ప్రభుత్వం 1935 నాటికి జర్మనీ లాడ్జిలన్నిటినీ మూయించింది. సభ్యులు ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో ఒకరికొకరు మేలు చేసుకుంటారన్న ఆరోపణ చాలా దేశాల్లో ఉంది. తలుపులు మూసుకున్న సంఘానికి ఈ అనుమానం తప్పదు.

చేరాలనుకునేవారు తెలుసుకోవలసినవి

ఉద్యోగాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థుల్లో ఎవరికైనా ఈ సంఘం పరిచయం కావచ్చు. ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోండి.

1. చేరాలనుకునేవాడు తానే అడగాలి. ఫోన్లో మెసేజి పంపి, ఇల్యూమినాటీలో చేరితే కోట్లు వస్తాయి, ముందు ఫీజు కట్టండి అనేవాళ్ళు దొంగలు. ఒక్క రూపాయి కూడా పంపవద్దు.

2. నిజమైన లాడ్జిలో ప్రవేశ రుసుము, ఏటా చందా ఉంటాయి. కుటుంబ ఖర్చులు, చెల్లి చదువు తర్వాతే ఇవి అని మరువవద్దు.

3. ఇది ఉద్యోగం ఇప్పించే సంఘం కాదు. ఆ ఆశతో చేరడం వారి నియమాలకే విరుద్ధం.

4. ఏ సంఘంలో చేరినా మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ నాలాంటివారు ఎందరున్నారు? నిర్ణయాలు ఎవరు చేస్తారు? నేను కలిసి భోజనం చేయగలనా?

చివరగా ఒక మాట. మట్టం, తూకం గుండు, మూలమట్టం ఏ రహస్య సంఘం సొత్తూ కాదు. అవి మన తండ్రుల చేతుల్లో రోజూ తిరిగే పనిముట్లు. వాటినుంచి లోకమంతా పాఠం నేర్చుకుందంటే, చేతిపని ఎంత గౌరవమైనదో తెలుసుకోవాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్ననో, మేనమామనో అడిగి ఒకసారి తూకం గుండు పట్టి చూడండి. గోడ నిలువుగా ఉందో లేదో అది ఎవరి ముఖమూ చూడకుండా చెబుతుంది.