దీనిలో ఏ జాతి కలిసింది?

మేం హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఎనిమిదేళ్ల బాబు, చేతికర్రతో నడిచే మా అత్తగారు ఉన్నారు. షెల్టర్‌లో ఒక ఆడకుక్క నచ్చింది. తేనెరంగు, తెల్లటి పాదాలు. ఒక చెవి నిక్కి, ఒకటి వాలి ఉంటుంది. ఏడాదిన్నర వయసట. చీటీ మీద 'లాబ్ క్రాస్' అని రాశారు. ఫొటో చూసి మా మరిది, 'ఆ మూతి జర్మన్ షెపర్డ్‌ది, పిల్లాడున్న ఇంట్లో వద్దొదినా' అంటున్నాడు. మావారేమో డీఎన్‌ఏ పరీక్ష చేయిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

చీటీ రాసినవారూ మీ మరిదీ చేసింది ఒకటే పని: రంగూ మూతీ చూసి తల్లిదండ్రులెవరో ఊహించడం. ఈ ఊహ ఎంతవరకు నిలుస్తుందో అమెరికాలో సరిచూశారు. రెండు షెల్టర్లలో 900 పైచిలుకు కుక్కలకు డీఎన్‌ఏ పరీక్షలు చేసి 2018లో ఫలితాలు ప్రచురించారు. సిబ్బంది చెప్పిన జాతి ఒక్కటైనా కలిసింది సుమారు మూడింట రెండు వంతుల కుక్కల్లో. ఒకటికి మించి కలిసింది పదింట ఒక దానిలోనే. రోజంతా కుక్కల మధ్య పనిచేసేవాళ్ల సంగతే ఇలా ఉంటే, ఫొటో చూసి చెప్పిన మాటను ఎంతని నమ్ముతాం? పైరూపాన్ని నడిపించే జన్యువులు కొన్నే. బొచ్చు పొడవా పొట్టా, నునుపా ఉంగరాలా అన్న తేడాల్లో చాలావరకు మూడు జన్యువులతోనే వస్తాయని 2009లో తేలింది. స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు బసెంజీని కాకర్ స్పానియల్‌తో కలిపితే, మనవల తరంలో ఆ రెండింటినీ పోలని కుక్కలు పుట్టాయి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 'క్రాస్' అనగానే ఎక్కడో రెండు బ్రీడ్లు కలిశాయనుకుంటాం. నేటి బ్రీడ్లలో ఎక్కువభాగం 19వ శతాబ్దం నుంచి క్లబ్బులూ పోటీలూ పెట్టుకుని తీర్చిదిద్దుకున్నవే. లాబ్రడార్‌ను బ్రిటన్ కెన్నెల్ క్లబ్ గుర్తించిందే 1903లో. మన నాటు కుక్క అంతకు ఎంతో ముందునుంచీ ఊళ్లలో తిరుగుతోంది. తేనెరంగూ తెల్లపాదాలూ దానికి కొత్తేమీ కావు. చీటీ మీద 'లాబ్' ఎందుకొచ్చిందంటారా? నాటు అని రాస్తే అడిగేవాళ్లు తగ్గుతారనేమో!

'గొర్రెల కుక్క మందను తోలదా, లాబ్ బంతి పట్టుకురాదా, రక్తంలో ఏమీ లేదంటారా?' అని మీ మరిది అడగొచ్చు. ఉంది, కాకపోతే మనం అనుకున్నంత లేదు. 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించి, రెండు వేలకు పైగా కుక్కల జన్యుక్రమాలు చదివిన అధ్యయనం 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉన్న తేడాల్లో బ్రీడ్ చెప్పగలిగింది సుమారు 9 శాతమే. మీవారి పరీక్ష తప్పేమీ కాదు, సరదాగా చేయించుకోవచ్చు. కానీ పోల్చి చూసే నమూనాల్లో మన నాటు కుక్కలు లేకపోతే దగ్గరగా కనిపించిన విదేశీ పేరేదో అంటగడుతుంది. అది సరిగ్గా వచ్చినా అత్తగారి మీదికి ఎగబడుతుందో లేదో చెప్పదు. ఎంత పెరుగుతుందన్న బెంగ కూడా అక్కర్లేదు. ఏడాదిన్నరకు ఎదుగుదల దాదాపు అయిపోయినట్టే, తూకం వేస్తే తెలిసిపోతుంది.

కాబట్టి మీరే రెండు మూడుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లండి. ఒకసారి అత్తగారిని కూడా తీసుకెళ్లండి. చేతికర్ర నేలకు టకటక తగులుతుంటే కుక్క ఏం చేస్తుంది? ఉలిక్కిపడటం తప్పు కాదు. ఎంతసేపట్లో తేరుకుని మళ్లీ దగ్గరికొస్తుందో చూడండి. గిన్నెలో తిండి ఉండగా పక్కనుంచి మనిషి నడిస్తే గుర్రుమంటుందా అని సిబ్బందిని అడగండి. బాబు మాత్రం ఆ గిన్నె జోలికి పోకూడదు. షెల్టర్‌లో బెదిరిన కుక్క ఇంట్లో వేరుగా ఉండొచ్చు, అక్కడ నెమ్మదిగా ఉన్నది ఇక్కడ అల్లరీ చేయొచ్చు. అందుకే ముందు రెండు మూడు వారాలు ఫోస్టరింగ్‌కు ఇస్తారేమో కనుక్కోండి. రేబిస్ టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యాయా అన్నవి కాగితం మీదే చూసుకోండి. టీకా పుస్తకంలో బ్రీడ్ అన్న గడి ఖాళీగా ఉంటే 'నాటు' అని రాయించండి.