ఇంటి కంప్యూటర్‌లో చేరిన గూఢచారి - వదిలించుకోవడం ఎలా?



మన హాస్టల్‌లో చదువుకుని ఉద్యోగాల్లో చేరినవాళ్ళు ఇంటికి ముందుగా కొనే వస్తువుల్లో కంప్యూటర్ ఒకటి. చాలామంది కొనేది సెకండ్ హ్యాండ్‌దే. ఇంటిల్లిపాదికీ అదొక్కటే. అన్నయ్య బ్యాంకు పని, చెల్లెలి స్కాలర్‌షిప్ దరఖాస్తు, పక్కింటివాళ్ళ కుల ధృవీకరణ పత్రం అన్నీ దాని మీదే. తెలంగాణ ఈ-పాస్‌కో, ఆంధ్రప్రదేశ్ జ్ఞానభూమికో పంపడానికి స్కాన్ చేసిన ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ 'డౌన్‌లోడ్స్' ఫోల్డర్‌లో ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటాయి. అలాంటి కంప్యూటర్‌లో ఒకరోజు తెర మూల నుంచి "మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే ఇక్కడ నొక్కండి" అంటూ ఒక పెట్టె పైకి లేస్తుంది. మూసేస్తే ఇంకొకటి లేస్తుంది. ఇవి ఎక్కడి నుంచి వస్తాయి, వీటిని ఏ వరుసలో తీసెయ్యాలి అన్నది ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

స్పైవేర్ అంటే మనకు తెలియకుండా కంప్యూటర్‌లో చేరి, మనం చూసే సైట్లు, టైపు చేసే అక్షరాలు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు బయటివాళ్ళకు చేరవేసే ప్రోగ్రాం. యాడ్‌వేర్ అంటే ప్రకటనలు చూపించి డబ్బు చేసుకునే ప్రోగ్రాం. రెండూ ఒకటి కాదు గానీ తరచుగా ఒకే సంచిలో వస్తాయి. గోల చేసేది యాడ్‌వేర్. అసలైన స్పైవేర్ నోరు మెదపదు. అందుకే పాప్-అప్‌లు ఆగిపోయాయి కదా, పని అయిపోయింది అనుకోకూడదు. అవి ఆగేసరికి పని సగమే అయినట్టు.

పాప్-అప్‌కు ఒక చిన్న చరిత్ర ఉంది. 1990ల చివర్లో అమెరికాలో ట్రైపాడ్ అనే సైటులో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్ దానికి కోడ్ రాశాడు. తమ ప్రకటన ఒక అసభ్యమైన పేజీ మీద కనిపించిందని ఒక కార్ల కంపెనీ గొడవ చేస్తే, ప్రకటనను పేజీలో కాకుండా వేరే కిటికీలో తెరిస్తే సరిపోతుందనుకున్నారు. 2014లో ఆయన 'ది అట్లాంటిక్' పత్రికలో ఆ సంగతి రాసి క్షమాపణ చెప్పుకున్నాడు. అప్పటికే జరగవలసింది జరిగిపోయిందనుకోండి! 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో పాప్-అప్‌లను ఆపే ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు ప్రతి బ్రౌజర్‌లోనూ అది ఉంది. ముందు తలుపు మూసుకుపోవడంతో ప్రకటనలవాళ్ళు పక్క తలుపు వెతుక్కున్నారు. ఆ పక్క తలుపు పేరు నోటిఫికేషన్.

సినిమా పాటలకో, పాత ప్రశ్నపత్రాలకో ఒక సైటు తెరుస్తాం. "మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి" అంటుంది. నొక్కుతాం. నిజానికి మనం ఇచ్చింది మన తెరమీద ఎప్పుడంటే అప్పుడు ప్రకటన వెయ్యడానికి అనుమతి. ఆ సైటు మూసేసినా అనుమతి పోదు. ఇళ్ళల్లో కనిపించే 'వైరస్ హెచ్చరిక'ల్లో చాలావరకు ఇవే. ఇందులో వైరస్సూ లేదు, ప్రోగ్రామూ లేదు.

కాబట్టి మొదట చూడవలసింది ఇదే. క్రోమ్‌లో పై మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. పేరు కూడా పలకలేని సైట్లు అందులో ఉంటే ఒక్కొక్కటే బ్లాక్ చెయ్యండి. అయిదు నిమిషాల పని.

పాప్-అప్ తెరంతా కమ్మేసి, మోత పెడుతూ, ఫలానా నంబరుకు ఫోన్ చెయ్యమంటే మాత్రం చెయ్యకండి. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఎక్కడా ఫోన్ నంబరు ఉండదు. ఫోన్ చేస్తే అవతలివాడు ఎంతో మర్యాదగా "సార్, మేడమ్" అంటూ దూరం నుంచి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించమంటాడు. ఎక్కించాక మౌస్ వాడి చేతికి పోతుంది. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకోండి. తెర వదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపెయ్యండి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి. ఆ పాప్-అప్ ఇస్తానన్న 'క్లీనర్' కూడా డౌన్‌లోడ్ చెయ్యకండి. దొంగే వచ్చి కాపలా కాస్తానంటే ఇంట్లోకి రానిస్తామా?

నోటిఫికేషన్లు ఆపినా ప్రకటనలు వస్తున్నాయా, గూగుల్‌లో వెతికితే ఏదో తెలియని సెర్చ్ పేజీ తెరుచుకుంటోందా, అయితే ఏదో ప్రోగ్రామే చేరిందన్నమాట. అప్పుడు బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్స్ పేజీ తెరిచి, ఎందుకుందో తెలియని ప్రతిదాన్నీ తీసెయ్యండి. కూపన్లు చూపేవి, పీడీఎఫ్ మార్చేవి, వీడియోలు దింపేవి ముందు అనుమానించాలి. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాను తేదీల వరుసలో పెట్టి చూడండి. గొడవ మొదలైన రోజునే ఎక్కిన ప్రోగ్రాం చాలాసార్లు అక్కడ దొరికిపోతుంది. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితా కూడా చూడండి. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ అనే చోట మీరు పెట్టని చిరునామా ఏదైనా ఉంటే ఆపెయ్యండి. ఆఖరున క్రోమ్‌ను రీసెట్ చెయ్యవచ్చు. బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు పోవు.

ఇక పరీక్ష. దీనికి డబ్బు పెట్టి ఏదీ కొనక్కరలేదని నా అభిప్రాయం. విండోస్ 10, 11లతో పాటు వచ్చే డిఫెండర్ చాలు. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్ తెరిచి ఫుల్ స్కాన్ పెట్టి, అన్నం తిని రండి. ఆ తర్వాత అక్కడే ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ కూడా చెయ్యండి. ఇది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరుకుతాయి. పావుగంట పడుతుంది. దాక్కోవడం అంటే గుర్తొచ్చింది. 2005లో సోనీ బీఎంజీ అమ్మిన కొన్ని పాటల సీడీలు కంప్యూటర్‌లో పెడితే, తనను తాను దాచుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కేది. మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు అది బయటపెట్టాక కంపెనీ ఆ సీడీలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పెద్ద పేరు చూసి నమ్మడానికి కూడా లేదు.

మన ఇళ్ళల్లో స్పైవేర్ వచ్చే ఇంకో పెద్ద దారి దొంగ కాపీ సాఫ్ట్‌వేర్. సెకండ్ హ్యాండ్ షాపులో విండోస్‌ను 'యాక్టివేట్' చేసి ఇస్తారు. తెలుగు డీటీపీకని క్రాక్ చేసిన ఫాంట్ల సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తారు. ఇలాంటివి ఎక్కించేటప్పుడు "ముందు యాంటీవైరస్ ఆపండి" అని అడిగితే అక్కడే అనుమానించాలి. మామూలు తెలుగు టైపింగ్‌కు ఇదంతా అవసరమే లేదు. విండోస్‌లోనే తెలుగు కీబోర్డు, ఫాంట్లు ఉన్నాయి. సెట్టింగ్స్‌లో భాష కలుపుకుంటే చాలు.

అన్నీ తీసేశాక చాలామంది వదిలేసే పని ఒకటుంది. అదే ముఖ్యమైనది. హాస్టల్‌లో మన ట్రంకుపెట్టె తాళంచెవికి ఎవడో నకలు చేయించుకున్నాడనుకోండి. వాణ్ణి గదిలోంచి పంపించేస్తే సరిపోతుందా? తాళం మార్చాలి. వాడు గదిలో నిలబడి చూస్తుండగా మార్చినా లాభం లేదు. స్పైవేర్ విషయమూ అంతే. అది ఉన్న కంప్యూటర్ మీదే కొత్త పాస్‌వర్డ్ కొడితే కొత్తది కూడా వాడికే చేరుతుంది. కాబట్టి గట్టి అనుమానం కలిగిన రోజునే ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేసి, మరో మంచి ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత స్కాలర్‌షిప్ లాగిన్. ఈమెయిల్ ఎందుకు ముందంటే, మిగతావాటి పాస్‌వర్డ్ మార్చే లింకులు చాలావరకు దానికే వస్తాయి. గూగుల్ ఖాతాలో 'యువర్ డివైసెస్' అనే చోట చూసి, మీవి కాని పరికరాలన్నిటినీ సైన్ అవుట్ చెయ్యండి. ఈ రోజుల్లో కొన్ని స్పైవేర్‌లు పాస్‌వర్డ్‌తో పని లేకుండా, మనం లాగిన్ అయి ఉన్న కుకీలనే ఎత్తుకుపోతాయి. రెండంచెల తనిఖీ కూడా పెట్టుకోండి. కుదిరితే అమ్మానాన్నల ఖాతాలకూ మీరే పెట్టి ఇవ్వండి.

స్కాన్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలించే రకం పేరు బయటపడితే, నేనైతే విండోస్ మొత్తం తీసి మళ్ళీ ఎక్కించుకోమంటాను. ఫొటోలు, పత్రాలు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ప్రోగ్రాం ఫైళ్ళు తీసుకోకుండా, 'రీసెట్ దిస్ పీసీ'లో అన్నీ తొలగించే మార్గం ఎంచుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ కంప్యూటర్ 11కు సరిపోతే ఎలాగూ కష్టపడుతున్నారు కాబట్టి అదే ఎక్కించండి. సరిపోని పాత కంప్యూటర్ అయితే ఉబుంటు లాంటి లైనక్స్ ఉచితంగా దొరుకుతుంది. దరఖాస్తులకు, చదువుకు అది చాలు.

ఈలోపే ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే కంప్యూటర్ సంగతి పక్కన పెట్టి ముందు 1930కి ఫోన్ చెయ్యండి, బ్యాంకుకు కూడా చెప్పండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోతుంది. ఫోన్ చేసేటప్పుడు ఖాతా నంబరు, డబ్బు పోయిన సమయం, లావాదేవీ నంబరు కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.