స్థానము విడిచిన కణము

విద్యార్థులారా! మీ బుగ్గ లోపలి భాగమును నాలుకతో ఒకసారి తాకి చూడుడు. అది నునుపుగను, తడిగను, మెత్తగను ఉండును. పెద్దలలో కొందరికి ఆ మెత్తదనము పోయి, బుగ్గ తోలుపట్టీవలె బిగిసి, నోరు తెరచుటయే కష్టమగుచున్నది. అట్లేల జరుగునో, దానికిని రాచపుండునకును సంబంధమేమో ఈ పాఠమున వివరింపదలచితిమి.

బుగ్గ లోపలి పొర ఇటుకల గోడవంటిది. కణములు ఒకదాని నొకటి గట్టిగా అంటిపెట్టుకొని యుండును. ఇట్టి పొరను ఉపకళా కణజాలమందురు. చర్మముపైనను, ఊపిరితిత్తులలోను, మూత్రపిండముల నాళికలలోను ఇదియే కలదు. ఇటుకల నడుమ సున్నమువలె ఈ కణములను కలిపి పట్టునది ఇ-కాడ్హెరిన్ అను ప్రోటీను. జపాను శాస్త్రజ్ఞుడు మసతోషి తకెయిచి పరిశోధనల వలన ఈ ప్రోటీనుల కుటుంబము లోకమునకు తెలిసినది. కాల్షియము లేనిచో ఈ బంధము నిలువదు.

పొరకు అడుగున వేరొక తీరు కణములు కలవు. అవి పొడవుగా, విడివిడిగా ఉండి, ప్రాకగలవు; కొల్లాజెన్ అను నారపదార్థమును తయారుచేయగలవు. గోడలోని కణము తన బంధములను త్రెంచుకొని, ఈ రెండవ తీరు గుణములను పొందుటను శాస్త్రజ్ఞులు ఎపిథీలియల్ మీసెన్‌కైమల్ పరివర్తన మనిరి. మనము దీనిని కణపరివర్తనమని పిలుచుకొందము. 1982లో అమెరికాలో గ్యారీ గ్రీన్‌బర్గ్, ఎలిజబెత్ హే అనువారు ఉపకళా కణములను కొల్లాజెన్ జెల్లులో ఉంచిరి. అవి పొరను విడిచి, సాగి, జెల్లులో ప్రాకిపోవుటను వారు చూచిరి.

ఇది ఎట్లు జరుగును? టి.జి.ఎఫ్.-బీటా వంటి సంకేతపదార్థము కణమును తాకును. కణములోపల స్నెయిల్, స్లగ్, ట్విస్ట్ అను ప్రోటీనులు మేల్కొనును. అవి ఇ-కాడ్హెరిన్ తయారీని అణచివేయును. సున్నము రాలిన ఇటుకవలె కణము వదులగును.

ఈ శక్తి స్వతహాగా చెడ్డది కాదు. పిండదశలో మెదడును వెన్నుపామును ఏర్పడు చోటినుండి ఇట్లు బయలుదేరిన కణముల నుండియే ముఖపు ఎముకలలో పెక్కును, చర్మమునకు రంగునిచ్చు కణములును ఏర్పడినవి. గాయము తగిలినపుడు అంచులందలి కణములు కొంత వదులై, ముందుకు ప్రాకి, పుండును కప్పి, మరల గోడగా కుదురుకొనును. కుదురుకొనుటయే ఇచ్చట ముఖ్యము. గాయము మానక, సంకేతము ఆగక యున్నచో కీడు మొదలగును.

ఆ కీడు రెండు విధములు. మొదటిది తంతుకరణము, అనగా అవయవములో నార పేరుకొని గట్టిపడుట. పరివర్తన చెందిన కణములే నారకణములుగా మారునని పూర్వము తలచిరి. 2015లో ఎలుకల మూత్రపిండములపై జరిగిన ప్రయోగములు దీనిని సవరించినవి. అచ్చట కణములు సగము మాత్రమే మారి, తమ చోటనే యుండి, అడుగునున్న నారకణములను పురికొల్పు సంకేతములను పంపునని తేలినది.

రెండవది రాచపుండు వ్యాపించుట. పుండులోని కణము ఈ శక్తిని పొందినచో అడుగుపొరను ఛేదించి, రక్తనాళములలోనో శోషరసనాళములలోనో ప్రవేశించి, దూరమున దిగును. పెక్కుమారు అచ్చట మరల పూర్వరూపము ధరించి క్రొత్త పుండుగా పెరుగును. ఇదియొక్కటే మార్గము కాదు. గుంపుగా కదలు కణములును కలవు. కాని పరివర్తన చెందిన కణములు మందులకు లొంగకుండుట పలుమారు కనబడినది.

ఇక మన బుగ్గకు వత్తము. 1952లో ష్వార్ట్జ్ అను వైద్యుడు కెన్యాలోని ఐదుగురు భారతీయ స్త్రీలలో నోరు బిగియు వ్యాధిని వర్ణించెను. మరుసటి సంవత్సరమే బొంబాయిలో జోషీ అను వైద్యుడును దీనిని గూర్చి వ్రాసెను. దీనికి ముఖ్యకారణము వక్క. తెలుగున వక్క, కన్నడమున అడికె, తమిళమున పాక్కు, మరాఠీలో సుపారీ, ఒడియాలో గువా. ఇరుగుపొరుగు భాషలలో పేరు మారినను పని మారదు. వక్కలోని ఆరెకోలిన్ మొదలగు పదార్థముల వలన పొరలోని కణములలో టి.జి.ఎఫ్.-బీటా సంకేతము హెచ్చును. వక్కలోని రాగి నారలను ముడివేయు ఎంజైమునకు బలమిచ్చును. ఎర్నాకుళం ప్రాంతమున ఈ వ్యాధిగల 66 మందిని 17 సంవత్సరములు గమనింపగా ఐదుగురికి నోటి రాచపుండు వచ్చినది. పొగాకు కలియని వక్కయు రాచపుండు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించెను.

తల్లిదండ్రులారా! తాంబూలము మన శుభకార్యములలో గౌరవచిహ్నము. దానిని మర్యాదగా ఇచ్చి పుచ్చుకొనుట వేరు, వక్కను దినదినము నమలుట వేరు. తీపి పూసిన సుపారీ పొట్లములు అంగడిలో మిఠాయి ప్రక్కనే వ్రేలాడుచున్నవి. పిల్లలు వానిని మిఠాయి యనియే తలతురు. ఒకసారి పేరుకొన్న నార పూర్తిగా కరగిపోదు. కాని వక్క మానినచో సంకేతము తగ్గును, వ్యాధి ముందునకు సాగుటయు తగ్గవచ్చును.

విద్యార్థులారా! ఇంటికి పోయి ఒక చిన్న పరీక్ష చేయుడు. చేతులు కడిగికొని, మీ మూడువ్రేళ్లను ఒకదానిపై నొకటి నిలువుగా పెట్టి పైపండ్లకును క్రిందిపండ్లకును నడుమ ఉంచి చూడుడు. పెద్దలచేతను చేయింపుడు. వ్రేళ్లు పట్టకున్నను, కారము తగిలినపుడు నోరు విపరీతముగా మండుచున్నను, బుగ్గ తెల్లబారి గట్టిపడినను ఆలసింపక వైద్యునికి చూపవలెను. ఒక్క ఇంటిలోనైనను ఈ పరీక్ష సకాలమున జరిగినచో మేము ఈ పాఠము వ్రాసిన శ్రమ ఫలించినట్లే.