మోగే గిన్నెలు

బతుకమ్మ ఆడేటప్పుడు డప్పు లేకపోయినా ఆట ఆగదు. చప్పట్లే తాళం. మద్నూర్ మహారాష్ట్ర సరిహద్దు పక్కన ఉంది. అక్కడ తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినిపిస్తాయి. ఏ భాషలో పాడినా తాళం కావాలి కదా! దానికి పైసలు పెట్టి ఏదీ కొననక్కర లేదు. వంటింట్లో చూడండి.

ఒకే రకం గాజు గిలాసలు నాలుగు తీసుకోండి. ఒకదాంట్లో కొంచెం నీళ్లు పోయండి. తర్వాత దాంట్లో ఇంకాస్త ఎక్కువ. అట్లా పెంచుకుంటూ పోండి. సన్నని వెదురు పుల్లతో అంచు మీద మెల్లగా కొట్టండి. నీళ్లు తక్కువున్న గిలాస సన్నగా మోగుతుంది. ఎక్కువున్నది బొంగురుగా మోగుతుంది. నీళ్ల బరువుకు గాజు నెమ్మదిగా అదురుతుంది. అందుకే ఆ తేడా. పింగాణీ కప్పులతో ఇట్లాగే కచేరీలు చేస్తారు. దాన్ని జలతరంగం అంటారు.

మట్టి కుండ కూడా వాయిద్యమే. దాని పేరు ఘటం. నీళ్ల కుండ కంటే మందంగా చేస్తారు. తమిళనాడులో పుట్టిన సుకన్యా రామ్‌గోపాల్ ఘటం నేర్చుకుంటానన్నారు. ఆడపిల్ల చేతికి అది కష్టం అన్నారు. ఆమె పట్టు వదల్లేదు. పెద్ద విద్వాంసురాలు అయ్యారు. 1995లో అందరూ ఆడవాళ్లే ఉన్న బృందం పెట్టారు.

ఎక్కడో దూరాన ట్రినిడాడ్ అనే దీవి ఉంది. అక్కడ తెల్లదొరలు డోళ్లు కొట్టవద్దని ఆంక్షలు పెట్టారు. జనం ఊరుకున్నారా? వెదురు బొంగులు కొట్టారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, చివరికి ఖాళీ చమురు పీపాలు. ఆ పీపాల నుంచే స్టీల్ పాన్ అనే వాయిద్యం పుట్టింది. పారేసిన సామానే అది!

మన ఇళ్లల్లో ఖాళీ ప్లాస్టిక్ సీసా ఉంటే ఏం చేస్తాం? కొందరు పొయ్యి రాజేయడానికి వాడతారు. ఆ పొగ మొదట పీల్చేది పొయ్యి ముందు కూర్చున్న ఆమే. అది విషపు పొగ. దాని బదులు సీసాలో పిడికెడు జొన్నలు పోసి మూత బిగించండి. ఊపితే గలగలమంటుంది. నాలుగు సీసాలు మోగిస్తే ఊరి చెత్త తగ్గదు, నిజమే. కానీ పాటకు పనికొచ్చిన సీసాను పొయ్యిలో వేయడానికి చెయ్యి రాదు.

ఒక్క జాగ్రత్త. పత్తి చేనుకు కొట్టిన పురుగుమందు డబ్బాలు ముట్టవద్దు. ఎంత కడిగినా వాటిలో విషం మిగులుతుంది. పిల్లలకు అస్సలు ఇవ్వవద్దు.

చదవండి, రాయండి: గిలాస, కుండ, పీపా, సీసా, తాళం.

మీ ఇంట్లో మోగే వస్తువులు ఏవి? ఐదు పేర్లు రాయండి.