ముప్పై వేల డిస్కౌంటు ఎటు పోయింది?

మాది ఆళ్లగడ్డ. నాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. అవ్వను నెలకు రెండుసార్లు నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోవాలి. బస్సులో అంతసేపు ఆమె కూర్చోలేదు. అందుకే చీటీ పాడి, మిగతాది లోను పెట్టి చిన్న కారు కొందామని సెలవుల్లో నంద్యాలలో ఒక షోరూముకు పోయినాం.

"నెలాఖరు ఆఫర్, 30,000 తగ్గింపు" అన్నాడు సేల్స్ అన్న. నాయన అడ్వాన్సు తీయబోయినాడు. నేను ఆపి, కొటేషన్ కాగితం ఇంటికి తెచ్చినా. ఆ రాత్రి నేర్చుకున్నదే ఈ పాఠం.

తగ్గింపు ఎవరి జేబులోది?

కొంత కంపెనీది: క్యాష్ ఆఫర్, ఎక్స్ఛేంజ్ బోనస్, ఉద్యోగులకు కార్పొరేట్ డిస్కౌంటు. మిగతాది డీలరుది. అతను కారు కొన్న ధరకూ మనకు అమ్మే ధరకూ మధ్య ఉండేది మార్జిన్. టార్గెట్ చేరితే కంపెనీ ఇన్సెంటివ్ ఇస్తుంది. దానికోసం నెలాఖర్లో మార్జిన్ కొంత వదులుకుంటాడు. అమ్ముడుపోని స్టాకు మీద వడ్డీ భారం కూడా అతనిదే. డిసెంబరులో ఆఫర్లు పెరిగేది అందుకే. కానీ ఆ బండి జనవరికల్లా "పోయిన ఏడాది మోడల్" అవుతుంది, రీసేల్ పడిపోతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగింది. అది ప్రభుత్వం తగ్గించిన పన్ను. దాన్ని డీలరు డిస్కౌంటు లెక్కలో కలపనీయొద్దు.

ఇచ్చినట్టే ఇచ్చి...

లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానివి, అక్కడ బేరం లేదు. మిగతా వరుసలు చూస్తే:

- "తప్పనిసరి" యాక్సెసరీలు: 14,000
- ఇన్సూరెన్స్: అదే కవర్ బయట 9,000 తక్కువ
- లోను: 6 లక్షలు, 5 ఏళ్లు. వాళ్లది 10 శాతం, ఈఎంఐ 12,748. మా బ్యాంకుది 9 శాతం, 12,455. నెలకు 293 తేడా, 60 నెలలకు 17,580.

మొత్తం 40,580. అంటే 30,000 ఇచ్చి 40,580 తీసుకుంటున్నారు!

నాయనకు చెబితే నవ్వినాడు. "మేమూ అంతే గదరా. విగ్రహం మీద రెండు వేలు తగ్గించి, లారీ కూలిలో కలుపుకుంటాం."

మర్నాడు పోయి ఒక్కటే అడిగినాం: "యాక్సెసరీలు వద్దు, ఇన్సూరెన్సూ లోనూ మావి. చేతికి బండి రావాలంటే మొత్తం ఎంత?" డిస్కౌంటు 22,000కు దించినారు. మాకు 8,000 పోయింది, 40,580 మిగిలింది. అంటే 32,580 లాభం.

మీ ఇంట్లో కారు కొనేటప్పుడు రెండు షోరూముల కొటేషన్లు రాయించుకోండి. డిస్కౌంట్లు పోల్చొద్దు. అట్టడుగు వరుసలోని ఆన్-రోడ్ ధర పోల్చండి, లోను వడ్డీ విడిగా లెక్కేయండి. కట్టేది అదే.

పోయిన వారం అవ్వ ముందు సీట్లో కూర్చొని నంద్యాల పోయొచ్చింది. దారిలో నిద్రపోయిందంట.