స్టడీ అవర్ పెట్టేవాళ్లు లేనప్పుడు

ప్రశ్న: ఇంటర్లో 950 దాటాను. ఇప్పుడు బీటెక్ మొదటి ఏడాది. నోట్సు నాలుగుసార్లు చదివినా మిడ్ పరీక్షలో ఏమీ గుర్తురాలేదు. రెండు సబ్జెక్టుల్లో చాలా తక్కువ మార్కులొచ్చాయి. ఏం చేయను?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: తెలివి తగ్గలేదమ్మా, టెస్టులు తగ్గాయి. ఇంటర్లో మీరు తిట్టుకుంటూ రాసిన వారాంతపు పరీక్షలే సగం చదువు చెప్పాయి. ఇప్పుడు అవి పోయి ఉత్త చదవడం మిగిలింది.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్నే పరీక్షించారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత లెక్క తిరగబడింది: రాసినవాళ్లకు సుమారు 56 శాతం గుర్తుంటే, చదివినవాళ్లకు 42 శాతమే. రాత్రి ‘అంతా వచ్చేసింది’ అనిపించి, పరీక్ష హాల్లో మాయమయ్యేది ఇందుకే. (హైలైటర్ కూడా ఇలాంటి భ్రమనే కలిగిస్తుంది.)

క్లాసు జరిగిన రోజే నోట్సు మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి. ఖాళీలను ఎర్ర పెన్నుతో నింపండి. రెండు మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత మరోసారి అదే పని. లెక్కలైతే జవాబు కనబడకుండా మొదటి మెట్టు నుంచి చేయాలి. చూసి ‘అర్థమైంది’ అనుకోవడం చెల్లదు. ఫోను పక్క గదిలో ఉండాలి, దీనికి వివరణ అక్కర్లేదు.

ఎర్ర సిరా ఎక్కువున్న కాగితాన్ని లెక్చరర్‌కు చూపించండి. ‘ఏమీ అర్థం కాలేదు సార్’ అంటే ఆయన పాఠమంతా మళ్లీ చెప్పలేరు, ఎక్కడ ఆగారో చూపిస్తే అక్కడినుంచి చెబుతారు.