ప్రజావాణి రసీదు కేసు కాదు

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టుపక్కల ఊళ్ల నుంచి సంగారెడ్డి కోర్టుకు వచ్చే రైతుల చేతిలో ఈమధ్య ఒకే రకం సంచి కనిపిస్తోంది. కలెక్టరాఫీసులో సోమవారాలు జరిగే ప్రజావాణి రసీదులు, కాలుష్య నియంత్రణ మండలికి పెట్టుకున్న అర్జీల జిరాక్సులు, పేపర్ కటింగులు, వాటితోపాటు ఓ ప్లాస్టిక్ సీసాలో టీ రంగు బోరు నీళ్లు. ఎక్కడా కేసు వేసిన కాగితం మాత్రం ఉండదు.

అక్కడ ప్రాక్టీసు చేసే ఓ మహిళా న్యాయవాది దగ్గరికి తాజాగా వచ్చిన రైతుదీ అదే కథ. నక్కవాగు దగ్గర కొద్దిపాటి పొలం. బోరు నీళ్లు రంగు మారి నాలుగో ఏడు నడుస్తోంది. "ఒక్క సోమవారం ఇడిసిపెట్టలే మేడం, కలెక్టరాఫీసుకు పోతనే ఉన్న" అన్నాడాయన. ఆమె రసీదులు తిరగేయనేలేదు. నీళ్లు మొదటిసారి పాడైంది ఎప్పుడని అడిగారు. జవాబు విన్నాక విసుగు దాచుకోలేదు: "ఇన్నేళ్లు ఆ మెట్లెక్కే బదులు మొదటి ఆరు నెలల్లో ఒక్కసారి ఇటు వస్తే ఏం పోయేది పెద్దాయనా?"

ఆ ఆరు నెలల లెక్క జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లో ఉంది. కాలుష్యం ఆపించమని సెక్షన్ 14 కింద వెళ్లాలంటే, వివాదానికి కారణం 'మొదటిసారి' తలెత్తిన రోజు నుంచి 6 నెలలే గడువు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. పంట నష్టానికి పరిహారం, పాడైన భూమి పునరుద్ధరణ కోరేది సెక్షన్ 15 కింద. దానికి 5 ఏళ్లు, ఆపైన అవే 60 రోజులు. అర్జీ ఇచ్చిన తేదీ నుంచో, అధికారి జవాబు పంపిన తేదీ నుంచో ఈ లెక్క మొదలు కాదు.

అర్జీలు గడువును ఆపవు. ఎన్ని ఇచ్చినా ఆపవు.

కాలుష్యం రోజూ సాగుతూనే ఉంది కాబట్టి గడువు కూడా రోజూ కొత్తగా మొదలవుతుందని వాదించే వీలు లేకపోలేదు. ఆ వాదనను ట్రిబ్యునల్ ఒప్పుకుంటుందన్న ధీమాతో ఇంట్లో కూర్చోవడమే ప్రమాదం. అటు ఆఫీసుల్లో "పరిశీలనలో ఉంది" అనే ఒక్క వాక్యంతో ఏడాది గడిపేస్తారు. ఇటు ఫ్యాక్టరీ వాళ్లు ఊరికి నాలుగు ట్యాంకర్ల మంచినీళ్లు పంపితే జనం చల్లబడతారు. ఈ రెండింటి మధ్యే ఆరు నెలలు కరిగిపోతాయి.

పటాన్‌చెరు ప్రాంతపు పెద్ద కేసును చూసి కూడా జనం తప్పు లెక్క వేసుకుంటున్నారు. డాక్టర్ అల్లాణి కిషన్‌రావు వంటి వారి పోరాటంతో ఇక్కడి కాలుష్యం దేశం దృష్టికి వెళ్లింది. 1990లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. పంట నష్టంపై జిల్లా జడ్జి చేత సుప్రీంకోర్టు విచారణ చేయించింది. 2001లో విషయం హైకోర్టుకు వెళ్లింది. అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017లో తీర్పు వచ్చింది. 27 ఏళ్లు నడిచింది కదా, మనకూ టైముందిలే అనుకుంటారు చాలామంది. నడిచింది కేసు. వేయడానికి 27 ఏళ్లు ఎవరూ తీసుకోలేదు.

రెండో చిక్కు నీటి నమూనాది. జల కాలుష్య నివారణ చట్టం, 1974లోని సెక్షన్ 21 ప్రకారం మండలి అధికారి ఫ్యాక్టరీ వ్యర్థజలాల నమూనా తీసేటప్పుడు యజమానికి నోటీసు ఇవ్వాలి. అతని ఎదుటే నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు పెట్టించి ల్యాబుకు పంపాలి. ఇందులో తేడా వస్తే ఆ రిపోర్టు సాక్ష్యంగా నిలవదు. రాత్రి వదిలిన నీళ్లకు మర్నాడు మధ్యాహ్నం వచ్చే అధికారుల మీద ఈ న్యాయవాదికి కోపమే. రైతు సీసాలో పట్టుకొచ్చిన నీళ్లకు విలువ అసలు లేదని కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ముందు పట్టారో రాసి ఉండాలి, ఫొటో ఉండాలి.

ఏ పరీక్ష చేయించాలన్నదీ తేల్చుకోవాలి. పటాన్‌చెరులో ఫ్యాక్టరీల వ్యర్థజలాలన్నిటినీ కలిపి శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లను స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో ప్రచురించింది. అప్పటికే 'శుద్ధి' అయిన నీళ్లవి. టీడీఎస్, సీఓడీ మాత్రమే చూసే మామూలు రిపోర్టులో ఇలాంటి మందుల జాడ కనిపించదు.

ఇక్కడ కాలుష్యమే లేదనే వాదన మాత్రం నిలబడేది కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 సూచీలో పటాన్‌చెరు–బొల్లారం 70 మార్కులు దాటి, తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కింది. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని ట్రిబ్యునల్ పాటించి తీరాలని హరిత ట్రిబ్యునల్ చట్టంలోని సెక్షన్ 20 చెబుతోంది. బలమైన కేసులు కూడా ఓడిపోతున్నది తేదీల దగ్గరే.

ఖర్చు భయమూ అనవసరం. తెలంగాణ కేసులు చెన్నైలోని దక్షిణ ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. పరిహారం కోరని దరఖాస్తుకు రుసుము 1,000 రూపాయలు. పరిహారం కోరితే ఆ మొత్తంలో 1 శాతం, కనీసం 1,000. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితి లోపలివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. క్రిమినల్ ఫిర్యాదుకు ముందు మండలికి ఇవ్వాల్సిన 60 రోజుల నోటీసుతో ట్రిబ్యునల్ దరఖాస్తును ముడిపెట్టి ఆగిపోయేవారూ ఉన్నారు. ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి ఆ నోటీసు అక్కర్లేదు.

తాజా కేసులో ఆరు నెలల గడువు ఎప్పుడో దాటింది కానీ ఐదేళ్లు ఇంకా నిండలేదు. అందుకే పంట నష్టం, బోరు ఖర్చు, భూమి పునరుద్ధరణ కోరుతూ సెక్షన్ 15 కింద దరఖాస్తు తయారవుతోంది. రైతు వదలకుండా దాచిన రసీదులు ఇప్పుడు నీళ్లు ఏ నెలలో పాడయ్యాయో చూపే సాక్ష్యంగా పనికొస్తున్నాయి. మాటల్లో మరో సంగతి బయటపడింది. గట్టు అవతలి ఇద్దరు రైతుల బోర్లు ఈ ఎండాకాలమే రంగు మారాయట. వాళ్లు కూడా ప్రజావాణిలో అర్జీ పెట్టుకుని జవాబు కోసం చూస్తున్నారు. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బోరు బిల్లులతో వాళ్లిద్దరినీ ఈ వారమే వెంటబెట్టుకు రమ్మని న్యాయవాది ఆయన్ని పంపించారు.